అంగుళంలో ఎనిమిదో వంతు

ముందు చెవుల సంగతి చూసుకోండి. లోపల ఈ పసుపుపచ్చ స్పాంజి బిరడాలు, వాటి మీద ఈ డొప్పలు. రెండూ ఉండాలి. నెత్తిన రేకుల కప్పు ఉంది కాబట్టి చప్పుడు పైకి పోదు, తిరిగి మన మీదికే దిగుతుంది. కళ్లద్దాలు మాత్రం ఏం జరిగినా తీయొద్దు.

డిసెంబరు శనివారం, పొద్దున ఎనిమిదిన్నర. డాలస్ నుంచి ఉత్తరానికి గంటసేపు కారు నడిపి ఈ షూటింగ్ రేంజికి వచ్చాం. రేకుల పంచ కింద వరసగా సిమెంటు బల్లలు. బల్లల ముందు నేల మీద ఎర్రగీత. గీత అవతల ఎండిన గడ్డి, పాతిక గజాల దూరంలో కాగితాలు తగిలించే చట్రాలు, యాభై దగ్గర తెల్లరంగు పూసిన ఉక్కు పళ్లాలు, అన్నిటికీ వెనక మన చెరువు కట్టంత ఎత్తున మట్టిగట్టు. గట్టు మీద మెస్కీట్ పొదలు. ఎక్కడో చూసినట్టుంది కదూ? మన సర్కారు తుమ్మకు ఇది దాయాది. ఆ తుమ్మ మన దగ్గరకు వెళ్లింది కూడా అమెరికా ఖండాల నుంచే.

అదిగో, జేబు దగ్గర నూనె మరక ఉన్న కోటు వేసుకుని వస్తున్నాయన, ఆయనే మేష్టారు. బెజవాడ పక్క ఒక పాలిటెక్నిక్‌లో లేతు మిషను నేర్పేవారు. నలభై ఏళ్ల కిందట ఇక్కడికొచ్చి, మెషిన్ షాపులోనే రిటైరయ్యారు. నమస్కారం పెట్టేలోపే మిమ్మల్ని అడుగుతారు చూడండి.

"గ్రీన్ కార్డుందా మీకు? హెచ్-1బి అయితే చూడండి గానీ ముట్టుకోవద్దు."

వెటకారం కాదు. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ చేత పట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం కింద నేరం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అవి లేకుండా సరదాగా ఒక్క గుండు పేల్చినా చిక్కే. ఇది తెలియక వారాంతం ఫొటోలు దిగే కుర్రాళ్లను చూసి మేష్టారు తల పట్టుకుంటారు. మీకు కార్డుంది కాబట్టి బల్ల దగ్గరకు రండి.

ఒక మాట నేనూ చెప్పేస్తాను. ఈ దేశంలో తుపాకీ అంటే మనవాళ్ల ఇళ్లలో ముందు గుర్తొచ్చేది ఏదో ఊళ్లో కాల్పుల వార్త. నాకూ అంతే. ఇక్కడికి ఇది మూడో రాక, అయినా ఆ గుబులు పూర్తిగా పోలేదు. పోకపోవడమే మంచిదనుకుంటాను.

మేష్టారు సంచి విప్పారు. లోపల పాత తువ్వాలు చుట్టలు మూడు. తుపాకులు ఇంకా తీయలేదు, ఎందుకంటే ఎర్రలైటు వెలుగుతోంది, గీత అవతల మనుషులు కాగితాలు అంటిస్తున్నారు. అలాంటప్పుడు ఆయుధం మీద చెయ్యి వెయ్యకూడదు. అందుకని ఆయన జేబులోంచి రెండు తూటాలు తీసి సిమెంటు మీద నిలబెట్టారు.

చూడండి. రెండూ ఇత్తడివే. రెండింటి లావూ ఒకటే. ఎడమ చేతివైపుది కాస్త పొట్టి, కుడివైపుది ఓ పిసరు పొడుగు. బియ్యపు గింజలో సగమంత తేడా. పొట్టిది .38 స్పెషల్, పొడుగుది .357 మ్యాగ్నం.

"పేర్లు చూసి .38 లావనుకుంటారు అందరూ. గుండు రెండిట్లోనూ .357 అంగుళమే. .38 అన్నది పాత రోజుల్లో ఇత్తడి గొట్టం కొలత, పేరుగా మిగిలిపోయింది. ఇంటిపేరు చూసి ఊరు పోల్చుకోగలమా, ఇదీ అంతే" అన్నారు మేష్టారు.

గుండు బరువు 158 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే ఒకప్పటి ధాన్యపు గింజ తూకం, మన కంసాలి గురిగింజలో సుమారు సగం. ఇది మనకు పరాయి లెక్కేం కాదు. 1833లో కంపెనీవాళ్లు తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లకు ఖాయం చేశారు. అంటే మేష్టారు విడిగా మీ చేతిలో పెట్టిన ఈ సీసపు ముక్క తులానికి కొంచెం తక్కువ. మీ అమ్మగారి గొలుసు అంచనా వేసినట్టు అరచేతిలో ఆడించి చూడండి, తెలిసిపోతుంది.

ఆకుపచ్చ లైటు పడింది. "రేంజి హాట్" అని, అంటే ఇక కాల్చవచ్చని, మైకులో కేక. డొప్పలు సరిచేసుకోండి.

మొదటి చుట్టలోంచి వచ్చింది స్మిత్ అండ్ వెసన్ మోడల్ 28. నీలి నలుపు, మెరుపు లేదు. ఆరంగుళాల బ్యారెల్, బరువు కిలోంపావు. దీని పేరు హైవే పెట్రోల్‌మన్. 1954లో వచ్చింది. అప్పటికే ఉన్న ఖరీదైన మ్యాగ్నంకు అద్దంలా పాలిష్ పెట్టేవారు. రోడ్డు మీద పనిచేసే పోలీసులకు అంత ఖరీదు దండగ అనిపించి, అదే ఉక్కును, అదే లోపలి పనితనాన్ని పాలిష్ లేకుండా తక్కువకు అమ్మారు. రెండు బల్లల అవతల ఒకావిడ చేతిలో తళతళలాడేది కోల్ట్ పైథాన్. 1955లో 125 డాలర్లకు వచ్చింది, ఇప్పుడు పాతవి కొనాలంటే దాని వెల ఎన్ని రెట్లో! అందం దానిదే, కాదనను. కానీ అది పెట్టెలో మడిచిపెట్టే పట్టుచీర. మోడల్ 28 రోజూ కట్టే నేతచీర. నాకు ఇదే ఇష్టం.

సిలిండరు పక్కకు తెరిచి మేష్టారు ఆరు పొట్టి తూటాలు వేశారు. ఇవి గురిపోటీల .38 తూటాలు. గుండు మొన చదును, గొట్టం అంచుతో సమంగా లోపలికి దిగి ఉంటుంది. మీ చేతికిచ్చారు. రెండు చేతులా పట్టండి. వేళ్లు సిలిండరు ముందుకు పోనివ్వకండి. సిలిండరుకీ బ్యారెల్‌కీ మధ్య కాగితమంత సందుంది. పేలినప్పుడు మంట అక్కడినుంచి పక్కలకు చిమ్ముతుంది, వేలుంటే వేలు కోసుకుపోతుంది. ఇప్పుడు బొటనవేలితో హామరు వెనక్కి. టిక్, టిక్. ముందు మొన మీద చూపు నిలపండి, కాగితం మసకబారనివ్వండి. ట్రిగ్గరు మీద చూపుడు వేలి మెత్త. సంతలో లేత బెండకాయ కొస తుంచి చూస్తారే, అంత చిన్న తెంపు.

టప్.

అంతేనా అనిపించింది కదూ? చేతిలో చిన్న తోపు. ఏదో తలుపు దూరంగా మూసినట్టుంది. కాగితం మీద గుండ్రటి చిల్లు, బస్సు కండక్టరు టికెట్టుకు పొడిచినంత శుభ్రంగా. మిగతా అయిదూ కొట్టండి. అయిదో దానికి మీ భుజాలు దిగాయి, ఆరో దానికి మీరు నవ్వుతున్నారు. ఇంతవరకు వచ్చి నవ్వని కొత్తవాళ్లను నేను చూడలేదు.

ఇప్పుడు అదే రివాల్వరు, అదే చాంబరు. పొడుగువి ఆరు. మేష్టారు ఒక అడుగు వెనక్కి జరిగారు. మీ మోచేతులు కొంచెం వదులు చేయండి, బిగబట్టొద్దు. హామరు వెనక్కి.

ఇది టప్ కాదు. దీనికి అక్షరం లేదు. ముందు ముఖానికి గాలి తగిలింది, తర్వాత చేతులు నుదుటి ఎత్తుకు లేచాయి, ఆ తర్వాత తెలిసింది పేలిందని. పళ్ల మధ్య రాగి రుచి. ఉదయపు వెలుతురులో కూడా బ్యారెల్ చివర నారింజరంగు మంట ఒకటి, సిలిండరు పక్కల రెండు. గట్టు దగ్గర మట్టి లేచి ఇంకా కిందకు రాలేదు.

ఏం జరిగిందో లెక్కలో చెప్పుకుందాం, చెయ్యి వణుకు తగ్గేదాకా. అదే పది గ్రాముల గుండు. .38లో సెకనుకు సుమారు 230 మీటర్లు పోయింది, ధ్వని కంటే నెమ్మది. మ్యాగ్నంలో 380 మీటర్లు, ధ్వనిని దాటేసింది. అందుకే పేలుడు మీద అదనంగా కొరడా చరిచిన చప్పుడు. శక్తి 270 జౌళ్ల నుంచి 740కి ఎక్కింది. 75 కిలోల వడ్ల బస్తాను మీటరు ఎత్తుకు లేపడానికి పట్టే పని అది. ఆ పనంతా ఇంత చిన్న ఇత్తడి గొట్టంలో పట్టిందంటే నాకిప్పటికీ వింతే.

మళ్లీ ఎర్రలైటు. సిలిండరు తెరిచి, తుపాకీ బల్ల మీద పెట్టి, వెనక్కి నడవండి. ఫ్లాస్కులో కాఫీ ఉంది. మేష్టారు చిక్కటి ఫిల్టర్ కాఫీ తెస్తారు, చల్లటి గాలిలో పొగలు కక్కుతోంది.

"ఆ పొడుగు ఎందుకనుకున్నారు? మందు ఎక్కువ పట్టడానికా?" మిమ్మల్నే అడుగుతున్నారు.

అవుననే అంటారు ఎవరైనా. నేనూ అలాగే అన్నాను మొదటిసారి.

"కాదు. మందు పాత గొట్టంలోనూ పడుతుంది. 1930లోనే .38 కొలతలోనే ఘాటు తూటాలు, వాటికోసం పెద్ద చట్రం రివాల్వరు చేశారు. దొంగలు కార్లెక్కి తిరుగుతున్న రోజులు, రేకు చీల్చే తూటా కావాలన్నారు పోలీసులు. కానీ ఆ ఘాటుది ఎవడైనా తాత కాలంనాటి చిన్న రివాల్వరులో పెడితే? దూరుతుంది కదా! దూరితే పేలుస్తాడు. .38 చాంబరు చదరపు అంగుళానికి 17 వేల పౌండ్ల ఒత్తిడికి లెక్కకట్టింది, దీని ఒత్తిడి 35 వేలు. సిలిండరు చేతిలోనే చీలుతుంది. అందుకని గొట్టాన్ని ఎనిమిదో వంతు అంగుళం పొడిగించారు. ఆ పొడుగు గడియ. పాతవాటిలో మూత పడదు. కొత్తదాంట్లో మాత్రం రెండూ పడతాయి."

కాఫీ కప్పు మూత తిప్పుతూ ఆయన చెప్పిన ఆ చివరి మాట దగ్గర మీరు కాసేపు ఆగండి. నేను మిమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చింది ఆ మాట కోసమే. మ్యాగ్నం అనగానే అందరూ ఎంత బలమని అడుగుతారు. నాకు నచ్చేది దాని బలం కాదు, చిన్నదాన్ని లోపలికి రానివ్వడం. పెద్ద ఇంట్లోకి చిన్నవాడు రావచ్చు, చిన్న ఇంట్లోకి పెద్దవాడు దూరకూడదు.

పేరు మాత్రం గడియ అని పెట్టలేదు. మ్యాగ్నం అన్నారు. షాంపేన్‌లో మామూలు సీసాకు రెట్టింపు, లీటరున్నర పట్టే సీసా పేరది. ఇంగ్లండులో హాలండ్ అండ్ హాలండ్ వాళ్లు 1912లోనే తమ .375 రైఫిలు తూటాకు ఈ పేరు వాడుకున్నారు. స్మిత్ అండ్ వెసన్‌లో డగ్లస్ వెసన్ 1935లో పిస్తోలు తూటాకు తగిలించాడు. రాతగాడు ఫిల్ షార్ప్, ఐడహో పశువుల కాపరి ఎల్మర్ కీత్, వించెస్టర్ కంపెనీ ఇందులో తలో చెయ్యీ వేశారు. మొదటి తుపాకీ ఎఫ్‌బీఐ అధిపతి జె. ఎడ్గార్ హూవర్‌కు బహుమతిగా పోయింది. కొన్నవాడి ఇష్టప్రకారం ఒక్కొక్కటీ విడిగా చేసి, నంబరు వేసి, పత్రం ఇచ్చేవారు. వెల 60 డాలర్లు. మాంద్యం రోజుల్లో అది చిన్న మొత్తమేమీ కాదు, అయినా అడిగినవాళ్లకు చేసివ్వడానికి కంపెనీకి చేతులు చాల్లేదు. జనరల్ ప్యాటన్ దంతపు పిడితో ఒకటి చేయించుకున్నాడు.

ఆకుపచ్చ లైటు. కుడిపక్క బల్లకు ఇద్దరు కుర్రాళ్లొచ్చారు. వాళ్ల పెట్టెలో ఉన్నది .500 మ్యాగ్నం. 2003లో వచ్చిన రాక్షసి. రెండు కిలోల బరువు, సిలిండరులో అయిదే గుండ్లు, ఆరో దానికి చోటు చాల్లేదు. పేలినప్పుడు మన బల్ల మీది దుమ్ము లేచింది చూశారా? మీ పక్కటెముకల్లో తగిలిందా? ఒక్కొక్కడు ఒక్కటి కొట్టి, వీడియో తీసుకుని, మణికట్లు ఊపుకుంటూ పెట్టె మూసేశారు. ఇక దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

రెండో చుట్ట విప్పారు మేష్టారు. రూగర్ బ్లాక్‌హాక్, .41 మ్యాగ్నం. కౌబాయ్ సినిమాల్లో లాగా వంపు పిడి. ప్రతిసారీ హామరు వెనక్కి లాగాల్సిందే. చిన్న తలుపు తెరిచి ఒక్కొక్క తూటా వేయాల్సిందే. 1964 నాటి తూటా ఇది. కీత్‌కు తోడు బిల్ జోర్డన్ అనే సరిహద్దు గస్తీ మనిషి, స్కీటర్ స్కెల్టన్ అనే షెరీఫూ కలిసి అడిగి చేయించారు. పోలీసులకు .357 కంటే గట్టిది, .44 కంటే మెత్తనిది కావాలని. కొట్టి చూడండి.

బాగుంది కదూ? వంపు పిడి అరచేతిలో తిరుగుతుంది, దెబ్బ మణికట్టుకు పోకుండా పైకి దొర్లిపోతుంది. గురి కూడా చక్కగా ఉంటుంది. ఇన్ని మంచి గుణాలుండీ ఎందుకు నిలబడలేదంటే, మేష్టారు భుజాలెగరేస్తారు. పోలీసుల కోసమని మెత్తటి సీసపు తూటా కూడా చేశారు గానీ, దాని ఊపు కూడా మామూలు కానిస్టేబులుకు ఎక్కువే. నా లెక్క వేరే. .357కు .38 తమ్ముడున్నాడు. .44 మ్యాగ్నంకు .44 స్పెషల్ ఉన్నాడు. కొట్లలో ఆ తమ్ముళ్లు దొరుకుతారు. .41కి అలాంటి తమ్ముడు లేడు. మొదటి రోజునుంచీ అది పెద్దవాడిగానే పుట్టింది. నేర్చుకునేవాడికి మెట్టు లేదు, ముసలివాడికి దిగే దారి లేదు. ఈ తూటాను ప్రేమించేవాళ్లు తక్కువమంది, కానీ ఉన్నవాళ్లు మాత్రం పంతంగా ప్రేమిస్తారు. మేష్టారే సాక్ష్యం.

మూడో చుట్ట విప్పుతుంటే పైథాన్ ఆవిడ కూడా ఇటు చూసింది. మోడల్ 29. ఆరున్నర అంగుళాల బ్యారెల్, ముదురు నీలం మీద మేఘాల నీడ. .44 మ్యాగ్నం.

ఇది పూర్తిగా కీత్ పట్టుదల. పొట్టి మనిషి, పెద్ద టోపీ. కుర్రతనంలో .45 కోల్ట్ తూటాల్లో మందు దట్టించి దట్టించి ఒక సిలిండరు పగలగొట్టుకున్నాడు. అప్పుడు తట్టింది, అదే రివాల్వరులో .44కు తొలిస్తే చాంబరు గోడ మందంగా మిగులుతుందని. అప్పటినుంచి ముప్పై ఏళ్లు .44 స్పెషల్‌కు సొంతంగా ఘాటు తూటాలు చుట్టుకుంటూ, పత్రికల్లో రాస్తూ, కంపెనీల ప్రాణం తీశాడు. 1955 చివరికి స్మిత్ అండ్ వెసన్, రెమింగ్టన్ కలిసి ఆయన అడిగింది చేసిచ్చాయి. గుండు 240 గ్రెయిన్లు. తులం మీద మరో మూడో వంతు. శక్తి 1,300 జౌళ్లు. ఇక్కడా అదే కిటుకు, .44 స్పెషల్ కంటే గొట్టం ఎనిమిదో వంతు అంగుళం పొడుగు.

పదిహేనేళ్లపాటు వేటగాళ్లు తప్ప దీన్ని అడిగినవాళ్లు తక్కువ. 1971లో క్లింట్ ఈస్ట్‌వుడ్ 'డర్టీ హ్యారీ'లో దీన్ని చేతపట్టాక కొట్లలో దొరకడం మానేసింది. అదే ఏడాది మన దగ్గర కృష్ణ టోపీ పెట్టి గుర్రమెక్కి 'మోసగాళ్ళకు మోసగాడు' చేశారు. మేష్టారు ఆ సినిమా చూసొచ్చి దీపావళి రీలు తుపాకీ నడుముకు కట్టుకు తిరిగారట. ఈయన చెబుతూ చెబుతూ .44 తూటాను తిరగేసి అడుగు చూపించారు. నడిమధ్య ఉన్న ఈ చిన్న బిళ్ల ప్రైమరు. సుత్తి తగిలితే నిప్పురవ్వ పుట్టే మందు. "మన రీలుకీ దీనికీ పని ఒకటే. రీలు అక్కడితో ఆగిపోతుంది. ఇది లోపలున్నవాణ్ని లేపుతుంది."

మీ వంతు. ఒక్కటే వేశారు, ఒక్కటి చాలు. ఇది .357లా చురుక్కున కొరకదు. లోతుగా తోస్తుంది. పడవ ఒక్కసారి ముందుకు కదిలినప్పుడు నిలబడ్డవాడు వెనక్కి ఒరిగినట్టు మీరు ఒరిగారు. యాభై గజాల పళ్లెం మోగింది. మీరు గురిపెట్టింది దాని పక్కదానికి, ఆ సంగతి మనం చెప్పుకోవద్దు.

మళ్లీ ఎర్రలైటు పడేసరికి నేలంతా ఇత్తడి. అందరూ వంగి ఏరుకుంటున్నారు. మేష్టారు ఒక్క గొట్టం వదలరు. గ్యారేజీలో ప్రెస్సు ఉంది. పాత ప్రైమరు తోసేసి, గొట్టాన్ని తిరిగి కొలతకు నొక్కి, కొత్త ప్రైమరు, గసగసాల్లాంటి మందు, గుండు. చివర మూతి లోపలికి మడవాలి. ఆ మడత మీద ఆయనకున్న శ్రద్ధ మా అత్తయ్యకు కజ్జికాయ అంచు మీద ఉండేది. ఎందుకంటే ఒక తూటా పేలి తుపాకీ వెనక్కి కుదిపినప్పుడు, మిగతా అయిదింట్లో గుండ్లు మాత్రం ఉన్నచోటే ఉండాలని చూస్తాయి. బస్సు ఒక్కసారి ముందుకు ఉరికితే నిలబడ్డ జనం వెనక్కి పోయినట్టు. మడత వదులైతే గుండు గొట్టంలోంచి కొంచెం కొంచెం బయటికి పాకి, సిలిండరు తిరగకుండా అడ్డుపడుతుంది. మ్యాగ్నంలో ఊపు ఎక్కువ కాబట్టి ఈ బెడద ఎక్కువ.

పదకొండయింది. గాలి తగ్గింది. చివరి వరస కొట్టమంటే మీరు ఏం అడిగారో నేను విన్నాను. మళ్లీ మోడల్ 28, మళ్లీ పొట్టి తూటాలు. మేష్టారు ఏమీ అనలేదు, పెట్టె మీ వైపు జరిపారు. ఆరూ అరచేతి వెడల్పులో పడ్డాయి.

ఇప్పుడు సర్దుకోవాలి. తుపాకీ ఖాళీ చేసి, ఆయనొకసారి, నేనొకసారి, మీరొకసారి ఆరు చాంబర్లలోంచీ వెలుతురు చూశాం. మేష్టారు బ్రష్షు తీశారు. సిలిండరు పైకెత్తి వెలుతురువైపు పట్టుకోండి, చాంబరు లోపలికి చూడండి. గోడ మీద ముందువైపు సన్నటి మసి గీత, కాటుకతో గుండ్రంగా దిద్దినట్టు. .38 మూతి ఎక్కడిదాకా వచ్చి ఆగిందో అక్కడినుంచి .357 మూతి ఉండాల్సిన చోటు దాకా ఆ మసి పేరుకుంది. దీన్ని తీయకపోతే మ్యాగ్నం తూటా చివరిదాకా దిగకుండా నిలబడిపోతుంది, బొటనవేలితో నొక్కినా పోదు.

ఆయన బ్రష్షు ముంచి, ఒక్కో చాంబరులో తిప్పి తిప్పి తోమారు. గుడ్డ పెట్టి తుడిచారు. తర్వాత మీరు జేబులో దాచుకున్న ఒక ఖాళీ పొడుగు గొట్టాన్ని అడిగి తీసుకుని, మొదటి చాంబరు పైన వదిలారు. చివర కొంచెం మిగిలి ఆగింది. బయటికి తీసి మళ్లీ తోమారు. ఈసారి వదిలితే టక్కుమని అంచు దాకా దిగింది.

"ఊఁ, రెండోది" అన్నారు.